బ్రిటన్ గుర్రప్పందేల్లో బుక్‌మేకర్ నా చేతులు కట్టేసిన తీరు: నా అనుభవం

2025 మార్చి మొదట్లో, ఇంగ్లండ్‌లో ఒక పెద్ద బుక్‌మేకర్ (ధరలు ప్రకటించి జనం దగ్గర పందేలు తీసుకునే కంపెనీ) దగ్గర ఆన్‌లైన్ ఖాతా తెరిచాను. మే నెల వచ్చేసరికి అదే ఖాతాలో 20 పౌండ్ల పందెం కడదామంటే, 1 పౌండు 25 పెన్స్ మించి తీసుకోలేమని స్క్రీన్ మీద వచ్చింది. అప్పటికి వాళ్ల దగ్గర నేను లాభంలో ఏమీ లేను. మొత్తం మీద నలభై పౌండ్ల దాకా నష్టంలోనే ఉన్నాను. ఓడిపోతున్న మనిషిని ఎందుకు ఆపుతారో నాకు అంతు పట్టలేదు. ఆ జవాబు తెలుసుకోవడానికి చాలా తిరగాల్సి వచ్చింది. ఇక్కడికి కొత్తగా వచ్చి రేసుల మీద ఆసక్తి పెంచుకున్న మనవాళ్లు తరచూ ఇదే అడుగుతున్నారు కాబట్టి, జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

ఖాతా తెరవడం మాత్రం చాలా సులువు. పేరు, పుట్టిన తేదీ, చిరునామా ఇచ్చాను. నాలుగైదు నిమిషాల్లో వెరిఫై అయిందని మెసేజ్ వచ్చింది. క్రెడిట్ కార్డు పనికిరాదు, 2020 ఏప్రిల్ 14 నుంచి బ్రిటన్‌లో జూదానికి క్రెడిట్ కార్డు వాడటం నిషేధం. డెబిట్ కార్డుతో 200 పౌండ్లు వేశాను. నెలకు ఇంతకు మించి వేయను అని లిమిట్ పెట్టుకోమని అడిగారు, పెట్టుకున్నాను. ఆ ఏడాది ఫిబ్రవరి 28 నుంచి ఇంకో కొత్త నిబంధన వచ్చింది. ముప్పై రోజుల్లో 150 పౌండ్లకు మించి ఖాతాలోకి నికరంగా వేస్తే, దివాలా తీశారా, అప్పుల మీద కోర్టు తీర్పులు ఉన్నాయా అని పబ్లిక్ రికార్డుల్లో చూస్తారు. నా విషయంలో అది ఎప్పుడు జరిగిందో కూడా తెలియలేదు. ఎవరూ ఏ కాగితమూ అడగలేదు. కాగితాల గోల తర్వాత వచ్చింది, అది వేరే కథ.

మార్చి 11న చెల్టెన్‌హామ్ ఫెస్టివల్ అనే పెద్ద రేసుల పండగ మొదలైంది. ఆ రోజు చాంపియన్ హర్డిల్ రేసులో కాన్‌స్టిట్యూషన్ హిల్ అనే గుర్రం 1/2 ధరతో ఫేవరెట్, అంటే గెలుస్తుందని ఎక్కువమంది నమ్మిన గుర్రం. 1/2 అంటే 2 పౌండ్లు కడితే 1 పౌండు లాభం, 25/1 అంటే 1 పౌండుకు 25 పౌండ్ల లాభం. నేను 10 పౌండ్లు స్టేట్ మ్యాన్ అనే ఇంకో గుర్రం మీద పెట్టాను. ఫేవరెట్ మధ్యలోనే పడిపోయింది. స్టేట్ మ్యాన్ ముందుకొచ్చి గెలిచేసినట్టే అనుకుంటుండగా, గుర్రాలు దూకాల్సిన ఆఖరి హర్డిల్ (అడ్డం) దగ్గర అదీ పడింది. 25/1 ధర ఉన్న గోల్డెన్ ఏస్ గెలిచింది. గుండె జారిపోవడం అంటే ఏమిటో ఆ రెండు క్షణాల్లో తెలిసింది. జనం డబ్బంతా ముందున్న రెండు మూడు గుర్రాల మీదే ఉంటుంది కాబట్టి ఇలాంటి ఫలితం బుక్‌మేకర్లకు పండగ. ఆ వారమంతా నేను ఓడుతూనే ఉన్నాను. ఉచిత పందేలు, ఆఫర్లు రోజూ వచ్చేవి. ఏప్రిల్ 5న గ్రాండ్ నేషనల్ అనే పెద్ద రేసు అయ్యేదాకా నేను వాళ్లకు చాలా మంచి కస్టమర్‌ని.

నేషనల్ తర్వాత నా పద్ధతి మారింది. టీవీలో చూపించే పెద్ద రేసులు వదిలేసి, వారం మధ్యలో జరిగే చిన్న రేసులు చదవడం మొదలుపెట్టాను. మర్నాటి రేసుల ధరలు ముందు రోజు సాయంత్రమే వస్తాయి. ఆ ధరలు ఇంకా పచ్చిగా ఉంటాయి, తప్పులు దొరుకుతాయి. ముఖ్యంగా సరిగ్గా ఎనిమిది గుర్రాలు పరుగెత్తే రేసులు వెతికేవాణ్ని. కారణం ఈచ్ వే పందెం. అందులో సగం డబ్బు గెలుపు మీద, సగం ప్లేస్ మీద, అంటే గుర్రం ముందు స్థానాల్లో ఒకదానిలో రావడం మీద ఉంటుంది. ఎనిమిది గుర్రాలుంటే మామూలుగా మొదటి మూడు స్థానాలకు, గెలుపు ధరలో ఐదో వంతు చొప్పున ప్లేస్ డబ్బు ఇస్తారు. ఒక బలమైన ఫేవరెట్ 4/6 దగ్గర ఉండి, మిగతావాటిలో సగం గుర్రాలు నాసిరకం అయితే, 10/1 దగ్గరున్న మూడో గుర్రం ప్లేస్ ధర 2/1 అవుతుంది. అంటే మూడింట ఒకసారి మొదటి మూడులో వస్తే అసలు దక్కుతుంది. కానీ అలాంటి రేసుల్లో దానికి అంతకన్నా మెరుగైన అవకాశమే ఉంటుంది. గెలుపు ధరల్లో బుక్‌మేకర్ తన లాభం దాచుకుంటాడు గానీ, ప్లేస్ ధరలు ఆ సూత్రం ప్రకారం వాటంతట అవే తేలతాయి, అతని చేతిలో ఉండవు. ఇలాంటి రేసులంటే బుక్‌మేకర్లకు అసలు పడదని అప్పటికి నాకు తెలియదు.

పద్ధతి బాగున్నంత మాత్రాన డబ్బు రాదు. ఒక సాయంత్రం ఎనిమిది గుర్రాల రేసులో 8/1 మీద 10 పౌండ్ల ఈచ్ వే కట్టాను, అంటే మొత్తం 20. పొద్దున ఒక గుర్రాన్ని రేసు నుంచి తప్పించారు. ఏడు గుర్రాలే మిగిలేసరికి ప్లేసులు మూడు నుంచి రెండుకు తగ్గాయి. నా గుర్రం మూడో స్థానంలో వచ్చింది. 20 పౌండ్లూ పోయాయి. ప్లేసుల లెక్క పందెం కట్టిన సమయానికి కాదు, రేసు మొదలయ్యే సమయానికి అన్నది నాకు అలా తెలిసింది.

ఇంకోసారి 9/1 మీద 10 పౌండ్లు విన్, అంటే గెలుపు మీద మాత్రమే, కట్టిన గుర్రం నిజంగానే గెలిచింది. 90 పౌండ్ల లాభం రావాలి, 67 పౌండ్ల 50 పెన్స్ వచ్చింది. అక్కడా ఒక గుర్రం తప్పుకుంది. బలమైన గుర్రం తప్పుకుంటే మిగతావాటి గెలుపు అవకాశం పెరుగుతుంది కాబట్టి, ముందే ధర తీసుకున్నవాళ్ల లాభంలో కోత పెడతారు. దీన్ని రూల్ 4 అంటారు. తప్పుకున్న గుర్రం ధర 5/2 నుంచి 3/1 మధ్య ఉంటే పౌండుకు 25 పెన్స్ కోత, 10/3 నుంచి 4/1 మధ్య ఉంటే 20 పెన్స్. ఈ రెండంకెలు గుర్తుంచుకోండి, మళ్లీ వస్తాయి.

మిగతా పందేల్లో ఎక్కువ భాగం ఓడాను. కానీ ఒక విషయం నాకు రోజూ కనిపించేది. నేను సాయంత్రం 12/1 మీద తీసుకున్న గుర్రం పొద్దున 8/1 అయ్యేది, రేసు మొదలయ్యేసరికి 6/1. అది నాలుగో స్థానంలో వచ్చినా, ధర సగానికి పడిపోవడం చూస్తే నా చదువు సరైన దారిలోనే ఉందని లోపల సంతోషంగా ఉండేది. ఆ పడిపోవడాన్ని నాకన్నా శ్రద్ధగా ఇంకొకరు చూస్తున్నారు.

ఏప్రిల్ 23న మొదటి ఈమెయిల్ వచ్చింది. 'బెస్ట్ ఆడ్స్ గ్యారంటీడ్' సదుపాయం ఇకపై మీ ఖాతాకు వర్తించదు అని రెండే వాక్యాలు. మనం తీసుకున్న ధర కన్నా రేసు మొదలయ్యేటప్పటి స్టార్టింగ్ ప్రైస్ ఎక్కువుంటే, ఆ ఎక్కువే చెల్లించే సదుపాయం అది. పెద్దగా పట్టించుకోలేదు. వారం తిరగకముందే రెండో మార్పు కనిపించింది. పందెం నొక్కగానే వెంటనే తీసుకోకుండా, 'ట్రేడర్‌కు (కంపెనీలో ధరలు, పందేలు చూసే ఉద్యోగికి) పంపుతున్నాం' అని చక్రం తిరగడం మొదలైంది. అర నిమిషం, ఒక్కోసారి నిమిషం. ఈలోగా ధర పడిపోయేది. ఆ నిమిషంలో పడే టెన్షన్ రేసు చూసేటప్పుడు కూడా ఉండేది కాదు. తిరిగొచ్చిన జవాబు, 20 అడిగితే 6 పౌండ్ల 40 పెన్స్ ఇస్తాం అని. మే మొదటి వారానికి అది 1 పౌండు 25కి దిగింది.

కోపంగా ఉన్నా, ఆ అంకెలు నన్ను నిద్రపోనివ్వలేదు. 8/1 గుర్రం మీద 1.25 ఇస్తున్నారు. ఒక రాత్రి పందెం కట్టకుండా, ఒక్కో ధరకు ఎంత ఇస్తారో అడిగి చూశాను. 4/1 మీద 2.50. 5/1 మీద 2 పౌండ్లు. 20/1 మీద 50 పెన్స్. గుణించి చూడండి, ఎటు చూసినా 10 పౌండ్లే. నేను ఎంత కట్టవచ్చు అన్నది వాళ్ల లెక్కే కాదు. ఒక రేసులో నా వల్ల ఎంత పోగొట్టుకోవడానికి సిద్ధంగా ఉన్నారు అన్నదే లెక్క. ప్రతి రేసుకు కంపెనీ ఒక గరిష్ఠ నష్టం పెట్టుకుంటుంది. దాంట్లో ఒక్కో కస్టమర్‌కు ఎంత వాటా అన్నది ఆ కస్టమర్ ఖాతాకు తగిలించిన ఒక గుణకాన్ని బట్టి ఉంటుంది. మామూలు మనిషికి 1. నాది దాదాపు సున్నా.

కస్టమర్ సర్వీస్ చాట్‌లో అడిగితే, ఇది ట్రేడింగ్ విభాగం నిర్ణయం, కారణాలు చెప్పలేం అన్నారు. మాట మర్యాదగానే ఉంది. అవతలి అమ్మాయికి నిజంగానే తెలియదని అనిపించింది.

మే మధ్యలో ఒక పనిరోజు సెలవు పెట్టి రేస్‌కోర్సుకు వెళ్లాను. టికెట్, రైలు కలిపి యాభై పౌండ్లు దాటింది. బోర్డులు పెట్టుకుని వరసగా నిలబడే బుక్‌మేకర్లలో ఒక పెద్దాయన దగ్గర జనం తక్కువగా ఉంటే, నా గొడవ చెప్పుకున్నాను. ఆయన నవ్వలేదు. "కాసేపు ఈ పక్కన నిలబడి చూడండి" అన్నాడు.

ఆయన వెనక గుమస్తా ముందు ల్యాప్‌టాప్ ఉంది. నాలుగు గుర్రాల రేసు. ధరలు 6/4, 2/1, 11/4, 6/1. వీటిని గెలుపు అవకాశాల శాతాల్లోకి మారిస్తే 40, 33.3, 26.7, 14.3. మొత్తం 114 పైచిలుకు. నూటికి పైనున్న ఆ పద్నాలుగే ఆయన లాభం, కాకపోతే డబ్బు అదే నిష్పత్తిలో వస్తేనే. ఎప్పుడూ అలా రాదు. స్క్రీన్ మీద ప్రతి గుర్రం పక్కన ఒక అంకె, అది గెలిస్తే ఆయనకు మిగిలేది పచ్చగా, పోయేది ఎర్రగా. ఒకతను వచ్చి రెండో గుర్రం మీద 400 పౌండ్లు పెట్టాడు. గెలిస్తే 800 ఇవ్వాలి. ఆ గుర్రం అంకె ఒక్కసారిగా ఎర్రబడింది. పెద్దాయన ఒక్క మాట మాట్లాడకుండా ఆ ధరను 7/4కు దించి, మూడో గుర్రాన్ని 3/1కి పెంచాడు. గుమస్తా అప్పటికే ఎక్స్ఛేంజ్‌లో, అంటే పందెగాళ్లు ఒకరితో ఒకరు పందెం కట్టుకునే ఆన్‌లైన్ చోట, అదే గుర్రం మీద కొంత డబ్బు పెట్టేశాడు. ఎరుపు సగమైంది. ఇదంతా నేను ఊపిరి పీల్చుకునేలోపు జరిగిపోయింది.

"ఆ నాలుగు వందలు తీసుకున్నందుకు నాకు భయం లేదు. అతను ఎవరో నాకు తెలుసు, అతను పెట్టాడంటే ఆ ధర తప్పని నాకు తెలిసినట్టే. కాస్త డబ్బు పోయినా సమాచారం వచ్చింది. మీ ఆన్‌లైన్ కంపెనీకి మీ సమాచారం మొదటి నెలలోనే అందింది. ఇక మీరు అక్కర్లేదు" అన్నాడు. తర్వాత అడిగాడు, "మీరు గెలిచారా ఓడారా అన్నది వదిలేయండి. మీరు తీసుకున్న ధర, రేసు మొదలయ్యేటప్పటి ధర, ఏది ఎక్కువ?"

అప్పుడు అర్థమైంది. నాలాంటివాడు ఇరవై ముప్పై పందేల్లో గెలవడం, ఓడటం అంతా అదృష్టమే. కానీ 12/1 తీసుకున్న గుర్రం పదే పదే 6/1కి వస్తుంటే అది అదృష్టం కాదు. ఈరోజు ఓడినా రేపు కంపెనీకి నష్టం తెచ్చేవాడు వీడే అని ఆ తేడా చెప్పేస్తుంది. స్టార్టింగ్ ప్రైస్ అన్నది అందరి డబ్బూ, అందరి తెలివీ కలిశాక మిగిలే ధర. దాన్ని నిలకడగా ఓడించేవాణ్ని ముందే పక్కన పెట్టడమే వాళ్ల రిస్క్ మేనేజ్‌మెంట్.

పెద్దాయన 1996 సెప్టెంబరు 28 గురించి కూడా చెప్పాడు. ఆరోజు ఆస్కాట్ రేస్‌కోర్సులో ఫ్రాంకీ డెట్టోరి అనే జాకీ ఏడుకు ఏడు రేసులూ గెలిచాడు. జనం ఆయన గుర్రాలన్నిటినీ కలిపి, ఒకదాని గెలుపు డబ్బు తర్వాతి దాని మీదకు వెళ్లేలా, గొలుసు పందేలు కట్టారు. ఏడు ధరల్నీ గుణిస్తే 25,000కు 1 దాటుతుంది. ఆరు గెలిచేసరికి పెద్ద కంపెనీలు నష్టం తగ్గించుకోవడానికి ఏడో గుర్రం ఫూజియామా క్రెస్ట్ మీద మైదానంలోని బుకీల దగ్గర డబ్బు కుమ్మరించాయి. పొద్దున 12/1 ఉన్న గుర్రం 2/1కి పడింది. ఆ ధర ఆ గుర్రం సత్తా వల్ల పడింది కాదు కదా అనుకుని గ్యారీ విల్ట్‌షైర్ అనే బుక్‌మేకర్ వచ్చిన పందెమల్లా తీసుకున్నాడు. గుర్రం గెలిచింది. ఆయన లక్షల పౌండ్లు పోగొట్టుకుని అప్పుల పాలయ్యాడు. "ఆయన లెక్క తప్పు కాదు. లెక్క సరిగ్గా ఉన్నా మనిషి మునిగిపోవచ్చు. అందుకే లిమిట్" అన్నాడు పెద్దాయన. నాకు కోపం కొంత తగ్గింది ఆ మాటతోనే. వెళ్లేముందు 6/1 గుర్రం మీద 20 పౌండ్లు ఇచ్చాను. నా మొహం కూడా చూడకుండా తీసుకుని టికెట్ ఇచ్చాడు. ఆ గుర్రం ఓడింది. కానీ అడిగినంత పందెం ఒకరు తీసుకోవడం ఎంత హాయిగా ఉంటుందో చెప్పలేను.

ఇంటికొచ్చాక ఖాతాలో మిగిలిన డబ్బు తీసేద్దామనుకున్నాను. వేసేటప్పుడు ఒక్క నిమిషం పట్టిన చోట, తీసేటప్పుడు పాస్‌పోర్టు, చిరునామా రుజువు, బ్యాంకు స్టేట్‌మెంటు అడిగారు. కౌన్సిల్ ట్యాక్స్ బిల్లు ఫొటోలో ఒక మూల కత్తిరించి ఉందని తిప్పి పంపారు. బ్యాంకు స్టేట్‌మెంటు స్క్రీన్‌షాట్ చెల్లదన్నారు. ప్రతి తిరుగుటపాకూ మూడు నాలుగు రోజులు. మొత్తం రెండు వారాలు దాకా పట్టింది. మీరైతే పందెం కట్టకముందే, మొదటి రోజే, కాగితాలు నాలుగు మూలలూ కనిపించేలా పీడీఎఫ్‌గా పంపేయండి. గెలుపు మీద పన్ను లేదు, 2001లోనే పందెం కట్టేవాళ్ల మీద పన్ను ఎత్తేశారు. అది ఒక్కటే సుఖం.

అదే వారం రెండు ఉత్తరాలు పంపాను. ఒకటి ఫిర్యాదు. రెండోది, నా గురించి మీ దగ్గరున్న సమాచారమంతా ఇవ్వండి అని డేటా రక్షణ చట్టం కింద అర్జీ. దానికి ఫీజు లేదు, మామూలుగా నెలలోపు ఇవ్వాలి. సరిగ్గా గడువు దగ్గర పడ్డాక జూన్‌లో పెద్ద ఫైలు వచ్చింది. అందులో నా ప్రతి పందెం, నేను తీసుకున్న ధర, పక్క గడిలో స్టార్టింగ్ ప్రైస్. పదింటిలో ఏడెనిమిది నా వైపే. చివర్న ఖాతా నోట్స్‌లో ఏప్రిల్ 22 తేదీతో 'ధర చూసి ఆడే కస్టమర్' అన్న అర్థంలో ఒక ముక్క, దాని పక్కన తగ్గించిన గుణకం. లాభనష్టాల గడిలో నేను నష్టంలో ఉన్నట్టే ఉంది. పెద్దాయన నోటితో చెప్పింది కాగితం మీద కళ్లారా చూశాను.

ఫిర్యాదుకు కంపెనీకి ఎనిమిది వారాలు గడువు ఉంటుంది. ఆలోగా తేలకపోతే, లేదా ఇదే మా తుది మాట అని వాళ్లు రాస్తే, స్వతంత్ర పరిష్కార సంస్థకు వెళ్లవచ్చు. మనకు ఖర్చు ఉండదు. జూలైలో తుది జవాబు వచ్చింది. లిమిట్ మా వ్యాపార నిర్ణయం, మారదు అన్నారు. కానీ రూల్ 4 కోత మీద నేను విడిగా రాసిన అంశం ఒప్పుకున్నారు. తప్పుకున్న గుర్రం ధర ఆ సమయానికి 10/3. అంటే 20 పెన్స్ కోతే పడాలి, 25 కోశారు. తేడా 4 పౌండ్ల 50 పెన్స్ ఖాతాలో వేశారు.

లిమిట్ విషయం పరిష్కార సంస్థకు పంపాను. అక్టోబరులో జవాబు వచ్చింది. ఎవరి పందెం ఎంత తీసుకోవాలన్నది బుక్‌మేకర్ ఇష్టం, అందులో మేం జోక్యం చేసుకోం అని. బ్రిటన్‌లో నిబంధనలు అలాగే ఉన్నాయి. ఆస్ట్రేలియాలోని న్యూ సౌత్ వేల్స్‌లో 2014 నుంచి, రేసుల మీద ఒక నిర్ణీత నష్టం వచ్చేంత వరకు ఎవరి పందెమైనా బుక్‌మేకర్ తీసుకోవాలన్న రూలు ఉంది. ఇక్కడా అలాంటిది రావాలని నేను గట్టిగా అనుకుంటున్నాను. బోర్డు మీద ధర రాసి పెట్టాక, ఓడేవాడికి ఒక పరిమితి, ఆలోచించేవాడికి ఒక పరిమితి ఉండటం న్యాయం కాదు. రిస్క్ తగ్గించుకోవడానికి ధర దించడం ఉంది, ఎక్స్ఛేంజ్ ఉంది. పెద్దాయన ఆ రెండింటితోనే ఇన్నేళ్లు నడుపుకొచ్చాడు.

ఇప్పుడు నేను ఎక్కువగా ఎక్స్ఛేంజ్‌లో కడుతున్నాను. అక్కడ అవతల ఉండేది ఇంకో పందెగాడు, కంపెనీ గెలుపు మీద కమిషన్ తీసుకుంటుంది, కాబట్టి గెలిచేవాణ్ని తరిమేయాల్సిన అవసరం ఉండదు. ఇబ్బంది ఏమిటంటే ముందు రోజు సాయంత్రం అక్కడ డబ్బు పెద్దగా ఉండదు. 12/1 దగ్గర మూడు నాలుగు పౌండ్లే దొరుకుతాయి. డబ్బు నిండేసరికి ధర 8/1కి వచ్చేసి ఉంటుంది. టోట్ కూడా చూశాను. అది అందరి డబ్బూ ఒక కుండలో వేసి, తన వాటా తీసుకుని మిగతాది పంచుతుంది, రిస్కే లేదు కాబట్టి ఎవరినీ కాదనదు. కానీ పందెం కట్టేటప్పుడు ధర తెలియదు. నా పద్ధతికి అది పనికిరాదు.

ఫిర్యాదు పెట్టబోయేవాళ్లకు ఒక్క మాట. పందెం కట్టగానే స్క్రీన్ ఫొటో తీసుకోండి. అందులో సమయం, ధర, ఎన్ని గుర్రాలు ఉన్నాయో కనిపించాలి. ఏదైనా గుర్రం తప్పుకుందని తెలిసిన క్షణంలో దాని ధర ఉన్న పేజీ కూడా ఫొటో తీయండి, కొద్ది నిమిషాల్లో ఆ ధర తెర మీద నుంచి పోతుంది. నా 4 పౌండ్ల 50 పెన్స్ ఆ ఫొటో ఉన్నందుకే తిరిగొచ్చాయి.